డీఓ కార్డుకి ఫ్యూజా, ఎంసీబీనా? షార్ట్ అయితే ఎంసీబీ పడట్లేదు, కార్డు పోతోంది

నైట్‌షిఫ్ట్_జీడిమెట్ల:

నమస్తే అన్నలూ. జీడిమెట్లలో ఒక ఫార్మా ప్లాంటులో మెయింటెనెన్స్ చూస్తాను. ఎలక్ట్రికల్ మాదే, ఇన్‌స్ట్రుమెంటేషన్ కూడా మెల్లగా మా నెత్తినే పడింది. ప్యాకింగ్‌లో ఒక పాత మిషన్‌కి పోయినేడాది కొత్త ప్యానెల్ కట్టించారు. పీఎల్‌సీ (మిషన్‌ని నడిపే కంట్రోలర్), 24 వోల్ట్ 10 ఆంప్స్ ఎస్ఎంపీఎస్ (డీసీ పవర్ సప్లై) ఒకటి, 16 ఛానెళ్ల ట్రాన్సిస్టర్ ఔట్‌పుట్ కార్డులు (డీఓ, అంటే డిజిటల్ ఔట్‌పుట్) రెండు, ఛానెల్‌కి 0.5 ఆంప్స్. ఔట్‌పుట్లు నేరుగా సొలనాయిడ్ (కాయిల్‌తో పనిచేసే) వాల్వులకే పోతాయి, మధ్యలో రిలేలు లేవు. ప్రొటెక్షన్ అంటే రెండు కార్డులకీ కలిపి ఒక సీ6 ఎంసీబీ, అంతే. ప్యానెల్ కట్టినాయన్ని అడిగితే "కార్డు 8 ఆంప్స్‌ది సార్, మేం 6 ఆంప్స్‌దే పెట్టాం, సేఫ్" అంటాడు.

జరిగేదేంటంటే, ఫీల్డులో ఎక్కడో ఒక వాల్వ్ దగ్గర షార్ట్ అవుతుంది. ఎంసీబీ మాత్రం కదలదు. ఎస్ఎంపీఎస్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, హెచ్ఎంఐ (ఆపరేటర్ స్క్రీన్) బ్లాంక్ అయిపోతుంది, పీఎల్‌సీ రీస్టార్ట్ అవుతుంది, లైన్ మొత్తం ఆగిపోతుంది. వెతికి వెతికి ఆ వైరు పీకేశాక చూస్తే ఆ ఛానెల్ చచ్చిపోయి ఉంటుంది, లేదంటే ఇంకా ఘోరం, ప్రోగ్రాంలో ఆఫ్ ఉన్నా బయట ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. స్పేర్ ఛానెళ్లలోకి మార్చుకుంటూ లాక్కొచ్చాం, ఇప్పుడు స్పేర్ కూడా అయిపోయింది. కొత్త కార్డు అడిగితే పర్చేజ్ వాళ్ల మొహాలు చూడలేకపోతున్నా.

మా బాస్ ఏమో స్టోర్లో 2 ఆంప్స్ గ్లాస్ ఫ్యూజులు డబ్బాలకి డబ్బాలు ఉన్నాయి, ఔట్‌పుట్‌కి ఒక ఫ్యూజ్ టెర్మినల్ పెట్టి అవే వేసెయ్ అంటున్నాడు. నాకు నమ్మకం కుదరట్లేదు. ఎంసీబీనే చిన్నది మారిస్తే సరిపోతుందా? ఫ్యూజే అయితే ఎంత రేటింగ్, ఫాస్టా స్లోనా? వాల్వుల మీద 24 వీడీసీ 6 వాట్స్ అని ఉంది, రెండు పెద్దవి మాత్రం 11 వాట్స్. కేబుల్ 0.75 స్క్వేర్ ఎంఎం, దూరం ఎక్కువలో ఎక్కువ 40 మీటర్లు.

చర్లపల్లి_ప్యానెల్స్:

తమ్ముడూ, 6 ఆంప్స్ అని సేఫ్ అన్నాయన ఎంసీబీ మీద అంకె చూశాడు, దాని పక్కనున్న అక్షరం చూడలేదు. సీ కర్వ్ అంటే మాగ్నెటిక్ ట్రిప్, అంటే షార్ట్‌కి వెంటనే పడేది, రేటింగ్‌కి 5 నుంచి 10 రెట్ల మధ్య ఎక్కడో ఉంటుంది. అంటే 30 నుంచి 60 ఆంప్స్. అదీ ఏసీ లెక్క, డీసీలో ఇంకా ఎక్కువ కావాలి. నీ ఎస్ఎంపీఎస్ 10 ఆంప్స్‌ది, షార్ట్ వస్తే మహా అయితే 12, 15 ఇచ్చి చేతులెత్తేస్తుంది. 30 ఎక్కడ్నుంచి తెస్తుంది పాపం? ఇక మిగిలింది థర్మల్, వేడెక్కి నెమ్మదిగా పడేది. 2.55 రెట్ల కరెంటుకి ఒక నిమిషం లోపు పడితే చాలని స్టాండర్డే చెబుతుంది, కాబట్టి సీ6 గుండా 15 ఆంప్స్ పోతున్నా దానికి నిమిషం దాకా టైముంది. ఈలోగా 24 వోల్టులు కూలిపోతాయి, ఎస్ఎంపీఎస్ ఆగి మళ్లీ ట్రై చేస్తుంది, మళ్లీ కూలుతుంది. నీకు కనపడే బ్లింకింగ్ అదే.

కేబుల్ కూడా లెక్కలోకి తీసుకో. 0.75 స్క్వేర్ ఫ్లెక్సిబుల్ రాగి వైరు కిలోమీటరుకి సుమారు 26 ఓమ్స్. 40 మీటర్లు పోయి రావాలి కాబట్టి 80 మీటర్లు, అంటే 2 ఓమ్స్ పైచిలుకు. 24ని దానితో భాగిస్తే 11.5 ఆంప్స్. చివరి వాల్వ్ దగ్గర పక్కా షార్ట్ అయినా అంతకు మించి రాదు. ఎంసీబీని బీ2కి దించినా మాగ్నెటిక్ 6 నుంచి 10, డీసీకి కలుపుకుంటే 14, 15 దాకా పోవచ్చు, పడితే పడుతుంది లేకపోతే లేదు. అందుకే ఇక్కడ ఎంసీబీ పని వైరు కాలిపోకుండా చూడటమే అనుకో, కార్డు సంగతి దానికి పట్టదు.

బాస్ చెప్పిన 2 ఆంప్స్ గ్లాస్ ఫ్యూజులు స్టోర్లోనే ఉండనీ. 5×20 ఎంఎం ఐఈసీ (అంతర్జాతీయ స్టాండర్డ్) ఫ్యూజ్ అయితే 1.5 రెట్లు గంటసేపు మోయాలని రూల్, అంటే 3 ఆంప్స్ గంటసేపు ఆరామ్‌గా వదిలేస్తుంది. నీ ఛానెల్ కెపాసిటీ 0.5. అమెరికా వాళ్ల యూఎల్ ఫ్యూజ్ వేరే లెక్క, 1.35 రెట్లకే గంటలోపు పోతుంది, కాబట్టి ఒకే అంకె ఉన్నా రెండూ ఒకటి కాదు, కలిపి వాడకు. 6 వాట్స్ వాల్వ్ 0.25 ఆంప్సే లాగుతుంది, దానికి ఎఫ్ (ఫాస్ట్) 500 మిల్లీ ఆంప్స్ పెట్టు. డీసీ సొలనాయిడ్‌కి స్టార్టింగ్ కరెంటు ఉండదు, కాయిల్ రెసిస్టెన్సే కరెంటుని పట్టి ఉంచుతుంది, అందుకని స్లో ఫ్యూజ్ అవసరం లేదు. 500 మిల్లీ ఫ్యూజ్‌లో 11.5 ఆంప్స్ పోతే 20 రెట్లు దాటింది. ఫాస్ట్ ఫ్యూజ్ 10 రెట్లకే 20 మిల్లీసెకన్ల లోపు పోవాలి, ఇంక అంతకు ముందే పోతుంది. ఎస్ఎంపీఎస్‌కి ఊపిరాడుతుంది, పీఎల్‌సీ రీస్టార్ట్ అవ్వదు.

11 వాట్స్‌వి రెండూ మాత్రం నాకు నచ్చలేదు. అవి 0.46 ఆంప్స్. ఎవరైనా ఎస్ఎంపీఎస్ పొటెన్షియోమీటర్ తిప్పి 26 వోల్టులు పెట్టి ఉంటే 0.5కి ఆనుకుంటాయి. కాయిల్ చల్లగా ఉన్నప్పుడు ఇంకాస్త ఎక్కువే లాగుతుంది. వాటికి ఫ్యూజ్ రేటింగ్ ఎంత అని ఆలోచించడం కంటే రిలే పెట్టి ఛానెల్ మీంచి దించెయ్.

లూప్‌చెక్:

పై లెక్కలన్నీ కరెక్టే, ఒక్క విషయం కలపాలి. ఫ్యూజ్ పెడితే కార్డు బతుకుతుందని అనుకోవద్దు. ప్రొటెక్షన్ లేని ట్రాన్సిస్టర్ అయితే ఫ్యూజ్ వేడెక్కి తెగే ఆ కొద్ది మిల్లీసెకన్లలోనే అది పోతుంది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే ఉంటుంది. ఫ్యూజ్ వల్ల వచ్చే లాభం ఏంటంటే, షార్ట్ ఆ ఒక్క ఛానెల్‌కే ఆగుతుంది, 24 వోల్టులు నిలబడతాయి, కార్డు లోపల పీసీబీ ట్రాక్ కాలదు, ఏ వాల్వ్ అనేది వెంటనే తెలుస్తుంది. ఇవి చిన్న లాభాలేం కాదు, కానీ ట్రాన్సిస్టర్‌ని కాపాడటం వేరే పని.

అందుకే ముందు మీ కార్డు డేటాషీట్ తీసి ఔట్‌పుట్‌కి షార్ట్ సర్క్యూట్ ప్రొటెక్షన్ ఉందా లేదా అనే లైను చూడండి. చాలా మాడ్యులర్ కార్డుల్లో ఎలక్ట్రానిక్ ప్రొటెక్షన్ ఉంటుంది, అలెన్ బ్రాడ్లీలో 1756-ఓబీ16ఈ లాంటివి దానికోసమే తీసుకుంటారు. చిన్న కాంపాక్ట్ పీఎల్‌సీల్లో సీపీయూ మీదే ఉన్న ఔట్‌పుట్లకి చాలాసార్లు ఉండదు. మీ ఛానెళ్లు ఒక్క షార్ట్‌కే పోతున్నాయంటే లేదనే నా అనుమానం.

ప్రొటెక్షన్ ఉన్న కార్డుకి ఫ్యూజ్ పెట్టేటప్పుడు ఒక తమాషా ఉంది. ఆ ప్రొటెక్షన్ ఛానెల్‌ని ఒక ఆంప్ దగ్గర పట్టేస్తుందనుకోండి, అక్కడ 2 ఆంప్స్ ఫ్యూజ్ జన్మలో పోదు. బోర్డు మీద చూడ్డానికి బాగుంటుంది, అంతే.

24 వోల్టుల పంపిణీకి ఎంసీబీ బదులు ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బ్రేకర్లు చూడండి. సీమెన్స్ సైటాప్ పీఎస్ఈ200యూ, ఈ-టీ-ఏ, మర్ మైకో, ఫీనిక్స్ వాళ్లవి ఉన్నాయి. నాలుగు ఛానెళ్లు, ఒక్కోటి 0.5 నుంచి 3 ఆంప్స్ దాకా సెట్ చేసుకునే మోడల్ మీకు సరిపోతుంది. వాటికి 10 రెట్ల కరెంటు అక్కర్లేదు, సెట్టింగ్ దాటితే చాలు, కాబట్టి మీ 40 మీటర్ల కేబుల్‌తో కూడా పని చేస్తాయి. సీపీయూ, హెచ్ఎంఐకి ఒక ఛానెల్, ఇన్‌పుట్లకి ఒకటి, ఒక్కో డీఓ కార్డుకి ఒక్కోటి. ఇది పెడితే కనీసం పీఎల్‌సీ రీస్టార్ట్ గోల పోతుంది. రేటు మాత్రం ఎంసీబీతో పోల్చకండి, కొత్త డీఓ కార్డుతో, లైన్ ఆగిన గంటలతో పోల్చి పర్చేజ్ వాళ్లకి చూపించండి.

16 × 0.5 కాబట్టి 8 ఆంప్స్ అనేది కూడా చాలా కార్డుల్లో నిజం కాదు. 8 ఛానెళ్ల గ్రూపుకి ఇంత అని విడిగా రాస్తారు, ప్యానెల్ లోపల వేడి పెరిగితే అది ఇంకా తగ్గుతుంది. మే నెలలో ఫ్యాన్ ఫిల్టర్ మూసుకుపోయిన ప్యానెల్ లోపల ఎంత ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

సర్వీస్‌బ్యాగ్:

అందరూ ఫ్యూజ్ మీద పడ్డారు, అసలు ఇన్ని షార్టులు ఎందుకు అవుతున్నాయి భాయ్? ప్యాకింగ్ అంటున్నావు, వాష్‌డౌన్ ఉంటుందా? వాల్వ్ మీద ఉండే చదరపు ప్లగ్ ఉంటుంది చూడు, దాని కింద రబ్బరు గ్యాస్కెట్ పోయిందంటే నీళ్లు నేరుగా పిన్నుల మీదకే. ఇంకొకటి, ఇది చాలాచోట్ల చూశా. ప్లగ్ లోపల ఎల్ఈడీ, డయోడ్ ఉన్న రకం వస్తుంది. వాల్వ్ మార్చేటప్పుడు రాత్రిపూట ఎవరో ప్లస్ మైనస్ తిప్పి కట్టేస్తారు. కాయిల్‌కి పోలారిటీతో పనిలేదు కదా అనుకుంటారు, కానీ డయోడ్‌కి ఉంది. తిరగేసి కడితే ఔట్‌పుట్ ఆన్ అయిన ప్రతిసారీ డయోడ్ గుండా నేరుగా షార్ట్. మీటర్ పెట్టి కాయిల్ చూస్తే బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, మీటర్ ప్రోబులు ఎటు పెట్టావన్నదాన్ని బట్టి. రెండు వైపులా మార్చి, డయోడ్ మోడ్‌లో పెట్టి చూడు.

డయోడ్ అసలే లేని వాల్వులు ఉంటే అవి ఇంకో రకంగా చంపుతాయి. కాయిల్ ఆఫ్ అయినప్పుడు వచ్చే వోల్టేజ్ కిక్‌కి ఫ్యూజ్‌తో సంబంధం లేదు, ఎంత మంచి ఫ్యూజ్ పెట్టినా అది ఆపదు. కార్డు లోపల దాన్ని అదుపు చేసే క్లాంప్ కొంత ఉంటుంది, కానీ దానికీ ఒక హద్దుంది. చాలా 0.5 ఆంప్స్ కార్డుల డేటాషీట్‌లో రెసిస్టివ్ లోడు 100 హెర్ట్జ్, ఇండక్టివ్ లోడు 0.5 హెర్ట్జ్ అని రాసి ఉంటుంది, అంటే రెండు సెకన్లకి ఒకసారే. ప్యాకింగ్ మిషన్ నిమిషానికి 60 స్ట్రోకులు కొడుతుంటే అప్పుడే డబుల్ అయింది. కోఠి గుజరాతీ గల్లీలో 1ఎన్4007 డయోడ్ టీ డబ్బులకి పిడికెడు వస్తాయి, వాల్వ్ దగ్గరే కట్టు, ప్యానెల్లో కాదు. డయోడ్ కడితే వాల్వ్ కాస్త ఆలస్యంగా వదులుతుంది, టైమింగ్ బాగా టైట్‌గా ఉంటే డయోడ్‌తోపాటు జీనర్ వెయ్యాలి.

రిలేవాదం:

నన్నడిగితే ఛానెల్‌కో ఫ్యూజ్ అనేదే వేస్ట్. 32 ఫ్యూజులు పెడతారు, ఆర్నెల్లలో నైట్ షిఫ్ట్ వాళ్లు చేతికి దొరికిన 5 ఆంప్స్‌ది వేస్తారు, అదీ లేకపోతే వైరు ముక్క చుడతారు. 6 ఎంఎం స్లిమ్ రిలే పెట్టండి, కాయిల్ పది మిల్లీ ఆంప్స్ కూడా తీసుకోదు, కార్డు హాయిగా ఉంటుంది. షార్ట్ అయితే రిలే కాంటాక్ట్ అతుక్కుంటుంది, పీకి కొత్తది గుచ్చుతావు, రెండు నిమిషాల పని. ఫ్యూజ్ రిలే కామన్‌కి నాలుగు వాల్వులకి ఒకటి చాలు.

చర్లపల్లి_ప్యానెల్స్:

రిలే నేనూ పెడతాను కానీ అన్నిటికీ కాదు. నిమిషానికి 60 స్ట్రోకులు అంటే రోజుకి 86,400. స్లిమ్ రిలే మెకానికల్ లైఫ్ మామూలుగా కోటి ఆపరేషన్లు అంటారు, నాలుగు నెలల్లోపే అయిపోతుంది, లోడు మీద ఎలక్ట్రికల్ లైఫ్ అంతకంటే చాలా తక్కువ. పైగా దాని మీద రాసిన 6 ఆంప్స్ రెసిస్టివ్ లోడుకి, డీసీ కాయిల్‌కి అంత రాదు. కాబట్టి వేగంగా కొట్టుకునే వాల్వులు ట్రాన్సిస్టర్ మీదే ఉండనీ, అప్పుడప్పుడూ పనిచేసే పెద్దవాటికి రిలే. ఫ్యూజ్ బదులు వైరు చుట్టేవాళ్ల సంగతంటావా, వాళ్లకి ఏ డిజైన్ పెట్టినా దారి దొరుకుతుంది.

కూకట్‌పల్లి_పంప్‌హౌస్:

మధ్యలో దూరుతున్నందుకు సారీ. మాది 230 వోల్ట్ ఏసీ ట్రయాక్ (ఏసీని ఆన్ ఆఫ్ చేసే సెమీకండక్టర్ స్విచ్) కార్డు, దాని మీద కాంటాక్టర్ (మోటార్లని ఆన్ చేసే పెద్ద రిలే) కాయిల్స్ నడుస్తాయి. ఒక ఛానెల్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండిపోయింది, పంపు ఆగదు. ఇంకో దాంట్లో అయితే చిన్న రిలే ఆఫ్ చేసినా వదలట్లేదు, కానీ కార్డు మార్చి చూసినా అంతే. ఇక్కడా 500 మిల్లీ ఫ్యూజేనా?

లూప్‌చెక్:

కాదండీ, ఏసీ లెక్క వేరు. కాంటాక్టర్ కాయిల్ లాగేటప్పుడు పట్టి ఉంచే కరెంటుకి ఎన్నో రెట్లు తీసుకుంటుంది, కోర్ అతుక్కున్నాక తగ్గుతుంది. దుమ్ముకో తుప్పుకో కోర్ పూర్తిగా మూసుకోకపోతే ఆ పెద్ద కరెంటే కొనసాగి కాయిల్, ట్రయాక్ రెండూ పోతాయి. ట్రయాక్ పోయిందంటే ఎక్కువగా షార్ట్ అయ్యే పోతుంది, మీ పంపు ఆగకపోవడం అందుకే. ఆ పంపు స్టాప్, ఎమర్జెన్సీ స్టాప్ రెండూ పీఎల్‌సీతో సంబంధం లేకుండా కాంటాక్టర్ లైనులోనే సిరీస్‌లో ఉండాలి, ఇది మాత్రం ఫ్యూజ్ కంటే ముందు చూసుకోండి.

ఫ్యూజ్‌కి ఆంప్స్ ఒక్కటే కాదు, ఐ స్క్వేర్ టీ, అంటే కరెంటు స్క్వేర్‌ని టైముతో గుణించిన లెక్క, చూడాలి. ఫ్యూజ్ పూర్తిగా తెగేలోపు వదిలేది ట్రయాక్ ఓర్చుకునే దానికంటే తక్కువ ఉండాలి, అలాగని కాయిల్ లాగేటప్పటి కరెంటుకి పోకూడదు. కార్డు మాన్యువల్‌లో ఏ ఫ్యూజ్ వెయ్యాలో రాసి ఉంటే దానికి బదులు ఇంకోటి వెయ్యకండి. 230 వోల్టుల్లో గ్లాస్ వద్దు. గ్లాస్ ఫ్యూజ్ ఆపగలిగేది 35 ఆంప్స్ లేదా దాని రేటింగ్‌కి 10 రెట్లు, రెండిట్లో ఏది ఎక్కువైతే అది, అంతే. ఇసుక నింపిన సిరామిక్‌ది 1500 ఆంప్స్ దాకా ఆపుతుంది. మీ రెండో సమస్య లీకేజీ. ట్రయాక్ ఆఫ్‌లో ఉన్నా కొన్ని మిల్లీ ఆంప్స్ వదులుతుంది, చిన్న రిలే పట్టుకుని ఉండటానికి అది చాలు. రిలే కాయిల్‌కి సమాంతరంగా ఒక రెసిస్టర్ పెట్టండి, దాని వాటేజ్ లెక్క కట్టి.

నైట్‌షిఫ్ట్_జీడిమెట్ల:

అందరికీ థాంక్స్. సర్వీస్‌బ్యాగ్ అన్నా, నువ్వు చెప్పినట్టే ప్లగ్గులు విప్పించి చూశాం. రెండింట్లో వైర్లు తిరగేసి ఉన్నాయి, రెండూ కార్డులో పోయిన ఛానెళ్లవే. ఒక దాంట్లో గ్యాస్కెట్ లేదు, పిన్నులు పచ్చగా తుప్పు పట్టి ఉన్నాయి. డేటాషీట్‌లో షార్ట్ సర్క్యూట్ ప్రొటెక్షన్ దగ్గర "లేదు" అనే ఉంది లూప్‌చెక్ మేడం.

ఇప్పుడు అనుకుంటున్నది, 6 వాట్స్ వాల్వులకి ఛానెల్‌కో ఎఫ్ 500 మిల్లీ, 11 వాట్స్‌వి రెండూ రిలే మీదకి, 24 వోల్టులకి ఎలక్ట్రానిక్ బ్రేకర్, సీపీయూ వేరే ఛానెల్‌లో. ఫార్మా కదా, ప్యానెల్లో ఒక టెర్మినల్ కలపాలన్నా చేంజ్ కంట్రోల్ (మార్పుకి రాతపూర్వక అనుమతి) పెట్టాలి, క్యూఏ (క్వాలిటీ వాళ్ల) సంతకాలు అయ్యేసరికి బతుకమ్మ వస్తుందేమో. ఈలోపు ప్లగ్గులు, డయోడ్లు సరిచేసి నడుపుతాం. ఎల్ఈడీ ఉన్న ఫ్యూజ్ టెర్మినల్ తీసుకోవచ్చా? ఫ్యూజ్ ఎక్కడ దొరుకుతుంది, ఇండెంట్‌లో (కొనుగోలు కాగితంలో) ఏం రాయాలి?

చర్లపల్లి_ప్యానెల్స్:

ఎల్ఈడీ ఉన్నదే తీసుకో, రాత్రిపూట వెతుక్కునే బాధ తప్పుతుంది. కాకపోతే ఫ్యూజ్ పోయాక కూడా ఆ ఎల్ఈడీ గుండా ఒకటి రెండు మిల్లీ ఆంప్స్ అవతలికి పోతుంది. వాల్వ్ ప్లగ్ పీకి డిజిటల్ మీటర్ పెడితే 24కి దగ్గరగా చూపిస్తుంది, సప్లై వస్తోందని వాల్వ్ మార్చేస్తారు. మీ వాళ్లకి ముందే చెప్పు, లోడు ఉంచి కొలవమను.

ఇండెంట్‌లో "500 ఎంఏ ఫ్యూజ్" అని రాస్తే చౌకది ఏదుంటే అది తెస్తారు. 5×20 ఎంఎం, సిరామిక్, ఎఫ్ 500 ఎంఏ హెచ్, 250 వోల్ట్ అని రాయి. చివర హెచ్ అంటే ఎక్కువ కరెంటుని ఆపేది, ఎల్ అంటే గ్లాస్ రకం. నీ 24 వోల్టులకి ఎల్ అయినా నడుస్తుంది కానీ, స్టోర్లో రెండు రకాలు ఉంటే రేపు 230 వోల్టుల ప్యానెల్లోకి గ్లాస్‌దే పోతుంది, ఒకటే ఉంచు. ట్రూప్ బజార్‌లో అడుగు, లేదంటే రాణిగంజ్‌లో. ఫ్యూజ్ మీద అచ్చు చదివి మరీ తీసుకో, డబ్బా మీద కాదు.

అన్నీ బిగించాక ఒక టెస్ట్ చెయ్. కార్డు వైపు వైరు విప్పేసి, ఆ ఫ్యూజ్ టెర్మినల్‌కి బ్రేకర్ నుంచి నేరుగా 24 వోల్టులు ఇచ్చి, అన్నిటికంటే దూరంగా ఉన్న వాల్వ్ ప్లగ్ దగ్గర షార్ట్ చెయ్. ప్యానెల్ టీబీ (టెర్మినల్ బ్లాక్) దగ్గర చేస్తే అన్నీ బాగానే పోతాయి, ఆ చివర చేస్తేనే తెలిసేది. ఫ్యూజ్ పోవాలి, హెచ్ఎంఐ మిణుక్కుమనకూడదు, పైనున్న ఎలక్ట్రానిక్ బ్రేకర్ పడకూడదు. ఫ్యూజ్ కంటే ముందు బ్రేకర్ పడిందంటే దాని సెటింగ్ ఒక మెట్టు పెంచి మళ్లీ చూడు.